కదలని బండిలో నూనె

మద్దిలేటికి ఎవరి మీదా కోపం లేదు. ఆ మాట ఆయనే తిప్పమ్మవ్వతో చెప్పాడు.

"నాకు ఎవరి మీదా ఏమీ లేదవ్వా. అన్నీ వదిలేసినా. అయినా కండ్లు మూసుకుని కూర్చుంటే ఇక్కడ ఏదో పట్టేసినట్టు ఉంటాది," అని రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఊపిరి కిందికి దిగదు. నేను కూర్చునే పద్ధతిలో తప్పేమన్నా ఉందేమో చెప్పు."

తిప్పమ్మవ్వ అప్పుడు ఆదోనిలో ఆయన ఇంటి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊరి బయట గుట్ట కింద ఆమెకు చిన్న మఠం ఉంది. మఠం అంటే రెండు గదులు, ముందర ఒక రేకుల పంచ, అంతే. చిన్న వయసులోనే భర్త పోతే అచల మార్గం బోధించే ఒక గురువు దగ్గర బోధ తీసుకుంది. ఆయన పోయాక ఆ చోట్లో కూర్చుంది. ఆమె ఉపన్యాసాలు చెప్పేది కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆకుకూర తుంచమనేది, లేకపోతే కుండలో నీళ్లు నింపమనేది. ఆ పని చేస్తూ చేస్తూ వాళ్లే ఏదో తెలుసుకుని ఇంటికి పోయేవాళ్లు. కొందరు ఏమీ తెలుసుకోకుండా కూడా పోయేవాళ్లు. ఆమె దానికీ బాధపడేది కాదు.

శిష్యులు అప్పుడప్పుడూ ఆమెను తమ ఇంటికి పిలుచుకుపోయి, అన్నం పెట్టి, మళ్లీ మఠంలో దించేవాళ్లు. ఈసారి మద్దిలేటి పిలుచుకొచ్చాడు.

మద్దిలేటి కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక అవ్వ దగ్గర బోధ తీసుకున్నాడు. తెల్లారకముందే లేచి స్నానం చేసి ధ్యానానికి కూర్చునేవాడు. జ్వరం వచ్చినా మానేవాడు కాదు. తనంత నిష్ఠగా కూర్చునేవాడు మఠంలో ఇంకొకడు లేడని లోలోపల ఆయనకు ఒక నమ్మకం. అందుకే ఊపిరి దిగకపోవడం ఆయనకు అవమానంగా కూడా ఉంది.

అవ్వ వరండా చివర గుడ్డ కప్పి ఉన్నదాన్ని చూస్తూ, "అదేంది నాయనా?" అంది.

మద్దిలేటి ముఖం విచ్చుకుంది. లేచిపోయి గుడ్డ తీశాడు. నల్ల బుల్లెట్. టాంకు మీద బంగారు రంగు గీతలు చెక్కు చెదరలేదు. హ్యాండిలు అద్దంలా మెరుస్తోంది.

"నేను ఉద్యోగంలో చేరినాక కొన్నదవ్వా. ఇప్పుడు ఇట్లాంటిది దొరకదు. వారం వారం తుడుస్తా. ప్రతి దసరాకూ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, పూలదండ వేసి, నిమ్మకాయ కొడతా."

"నడపవా?"

"నడపను. బయటికి పోవాలంటే స్కూటరుంది. దసరా రోజు కిక్కు కొడతా. మొదట్లో లేచేది. అట్లా వీధి చివరికి పోయి వచ్చేవాణ్ని. తర్వాత తర్వాత అదీ లేదు. అట్లా ఉంచుకున్నా."

అవ్వ లేచి వచ్చి వెనక సీటు మీద చెయ్యి వేసింది. నిదానంగా నిమిరింది.

"రేపు నన్ను మఠంలో దీని మీద దించు," అంది.

మద్దిలేటి నవ్వాడు. అవ్వ నవ్వలేదు. అప్పుడు ఆయన పంచె ఎగగట్టి, బండిని స్టాండు మీద సరిచేసి కిక్కు కొట్టాడు. కొడుతూనే పోయాడు. అది ముసలి దగ్గులాగా ఒకసారి దగ్గి ఊరుకుంది. ఆయన చొక్కా తడిసిపోయింది. టాంకు మూత తీసి లోపలికి చూశాడు. పెట్రోలు వాసన లేదు. ఎప్పుడో మూతపెట్టి మరిచిపోయిన రంగు డబ్బా తెరిచినట్టుంది.

"ఇది లేవదవ్వా. పెట్రోలు పాడైపోయింది. లేపాలంటే అంతా విప్పాల. నూనెలన్నీ మార్చాల."

"మార్చు."

"ఒక్క దినంలో అయ్యే పని కాదు."

"అయినప్పుడే పోతాలే," అని అవ్వ మళ్లీ గోడ దగ్గరికి పోయి కూర్చుంది.

వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉన్న సుభద్ర, మద్దిలేటి భార్య, ఇదంతా విన్నది. ఆమె లోపలికి పోయి అవ్వకు పరుపు దులిపి వేసింది.

*

పొద్దున్నే మద్దిలేటి అటక మీద నుంచి పానాల పెట్టె దించాడు. మెకానిక్కును పిలుస్తే అయిపోయేది. కానీ ఈ బండిని ఆయన ఎప్పుడూ ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. అవ్వ ముక్కాలి పీట తెచ్చుకుని పక్కన కూర్చుంది.

ముందు టాంకులో ఉన్నదంతా పైపు ఊడదీసి డబ్బాలోకి వంచాడు. పైపు వంగకుండా పుల్లలా విరిగింది. వచ్చిన పెట్రోలు ఎర్రగా, చిక్కటి టీ డికాక్షన్‌లా ఉంది. కార్బొరేటరు విప్పితే అడుగున తుమ్మబంకలాంటిది గట్టిపడి ఉంది. పెట్రోలు దూరే సన్నని బెజ్జం పూర్తిగా మూసుకుపోయింది. కిరసనాయిల్లో నానబెట్టి, సన్నని రాగి తీగ పెట్టి పొడిచి పొడిచి, వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు.

"పైనంతా ఎంత బాగుండె," అంది సుభద్ర కాఫీ గ్లాసులు ఇస్తూ.

మద్దిలేటి తల ఎత్తలేదు.

ఇంజను కింద నూనె దిగే నట్టు కదలలేదు. రెండు చేతులతో పానా పట్టుకుని లాగాడు. సుత్తి తీశాడు. మళ్లీ కింద పెట్టాడు. "బలవంతం చేస్తే మర తెగిపోతుందవ్వా," అని నట్టు చుట్టూ కిరసనాయిలు పోసి వదిలేశాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పట్టుకుంటే కిర్రుమని కదిలింది.

అవ్వ తానే ఇనప తట్ట తెచ్చి కింద పెట్టింది.

నూనె ధారగా రాలేదు. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత తెల్లగా, చిక్కగా, బూజు పట్టిన మజ్జిగలాంటిది బొట్టు బొట్టుగా జారింది. దాని వెనక నల్లటిది వచ్చింది. మద్దిలేటి మోకాళ్ల మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు.

అవ్వ వంగి ఆ తెల్లదాన్ని వేలితో తీసుకుని చూసింది.

"ఇది నూనేనా?"

"నూనేనవ్వా. మంచి నూనే పోసినా."

"ఎప్పుడు?"

"చాలా ఏండ్లయింది. బండి నడవలేదు గదా. నడవని బండిలో నూనె ఎందుకు చెడుతుంది, ఎట్లా పోసింది అట్లే ఉంటుంది అనుకున్నా."

"మరి ఎట్లా చెడింది?"

"నిలబడినా చెడుతుందవ్వా. నడిచే బండిలో నూనె వేడెక్కుతుంది, లోపల చెమ్మ ఉంటే ఆవిరై పోతుంది. నిలబడిపోయిన దాంట్లో ఎక్కడి చెమ్మ అక్కడే ఉంటుంది. చలికి కొంత చేరుతుంది, వానకు కొంత చేరుతుంది. నీళ్లూ నూనే కలిసి ఇట్లా అవుతుంది. ఇంకో రెండేండ్లు పోయుంటే లోపల ఇనుమునే తినేసేది..."

ఆయన చెప్తూ చెప్తూ ఆగిపోయాడు. అవ్వ వేలిని పాత గుడ్డకు తుడుచుకుంది.

గేరుబాక్సు నూనె తీశాడు. ముందు చక్రానికి రెండు వైపులా ఉండే గొట్టాల అడుగున చిన్న మరలు విప్పి, హ్యాండిలు పట్టుకుని కిందికి పైకి ఒత్తితే బూడిద రంగు నీళ్లలాంటిది చిమ్మింది. చైను కిరసనాయిల్లో వేశాడు. టైర్లు పగుళ్లిచ్చి ఉన్నాయి. బ్యాటరీలో నీళ్లు ఎప్పుడు ఎండిపోయినాయో, పలకలు తెల్లగా పొడి కట్టినాయి. వారం వారం తుడిచిన చేతులే ఇవి. ఒక్కసారి కూడా ఈ మూత తీయలేదు.

వెనక సీటు కిందికి పోయే మర విప్పుతుంటే అవ్వ అడిగింది. "ఈ కాలు పెట్టుకునే దానికి రబ్బరంతా ఒక పక్కే అరిగిపోయింది. ఎవరు కూర్చునేవాళ్లు ఈడ? సుభద్రమ్మనా?"

మద్దిలేటి పానా తిప్పడం ఆపాడు.

"సుభద్రకు బండంటే భయం. అక్క కూర్చునేది."

ఆయన మళ్లీ పానా తిప్పసాగాడు.

*

సాయంత్రం సుభద్ర బియ్యం ఏరుతూ అవ్వకు సంగతి చెప్పింది.

మద్దిలేటి అక్క పేరు బసమ్మ. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి కూలికి పోతే, తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది ఆమే. పెండ్లయి పెద్దకొట్టాలకు పోయింది. బుల్లెట్ కొన్న రోజు మద్దిలేటి నేరుగా షోరూం నుంచి ఆ ఊరికే పోయాడు. గుడికి కూడా పోకుండా ముందు అక్కను ఎక్కించుకున్నాడు. అప్పటినుంచి ప్రతి ఉగాదికీ ఆమెను బండి మీద పిలుచుకురావడం, మళ్లీ దించి రావడం. ఆమె చీర కుచ్చిళ్లు కాళ్ల మధ్య బిగించుకుని, తమ్ముడి భుజం పట్టుకుని, దారంతా ఏదో ఒకటి చెప్తూనే వచ్చేది. ఇంజను మోతకు ఆయనకు ఒక్క ముక్క వినపడేది కాదు. అయినా ఊకొట్టేవాడు.

తల్లికి జబ్బు ముదిరినప్పుడు బసమ్మే తన ఇంట్లో పెట్టుకుంది. ఆ సమయంలోనే సముద్రం పక్క జిల్లాల్లో తుఫాను వచ్చి స్తంభాలన్నీ పడిపోయాయి. ఇక్కడి లైన్‌మన్‌లను లారీల్లో అక్కడికి పంపినారు. మద్దిలేటి అక్కడ ఉండగా తల్లి పోయింది. ఆయన తిరిగి వచ్చేసరికి దినాలు కూడా అయిపోయినాయి.

బస్సు దిగి, ఇంట్లో విషయం తెలిసి, ఒంటి మీది బురద చొక్కాతోనే బుల్లెట్ తీసుకుని పెద్దకొట్టాలకు పోయాడు. అక్క వాకిట్లోనే ఉంది. ఆయన బండి దిగలేదు.

"ఆఫీసుకు పోయి ఒక్క మాట చెప్పుంటే వైర్‌లెస్సులో నాకు కబురొచ్చేది. చెప్పలేదు. అమ్మ ముఖం కడసారి చూడకుండా చేసినావు. ఇంక నాకు అక్క లేదు," అన్నాడు. ఆమె ఏదో చెప్పబోయింది. ఆయన బండి తిప్పేశాడు.

మళ్లీ ఆ దారిన పోలేదు. బసమ్మ భర్త పోయినప్పుడు సుభద్ర ఒక్కతే బస్సులో పోయి ఏడ్చి వచ్చింది.

"కోపం ఎప్పుడో పోయిందవ్వా. నాకు తెలుసు," అంది సుభద్ర. "రాత్రుళ్లు కలవరిస్తాడు, అక్కా అని. కోపం పోయింది గానీ ఈయన మాత్రం అక్క దగ్గరికి పోలేదు. ఈ ఉగాదికి చూద్దామంటాడు. దసరాకు చూద్దామంటాడు. బండి తుడిచి గుడ్డ కప్పుతాడు."

అవ్వ చాట తీసుకుని తానూ రాళ్లు ఏరసాగింది.

*

కొత్త నూనెలు పోసిన రోజు మద్దిలేటి వెంటనే బండి లేపలేదు. ప్లగ్గు ఊడదీసి, ఊరికే కిక్కు కొడుతూ కూర్చున్నాడు.

"ఇట్లా కొడితే లేస్తుందా?" అంది అవ్వ.

"లేవదు. నూనె పైదాకా ఎక్కాల. అంతా ఎండిపోయుంది. ఇప్పుడే మంట పెడితే లోపల గీసుకుపోతుంది."

చాలాసేపు కొట్టాడు. తర్వాత ప్లగ్గు బిగించి, కొత్త పెట్రోలు వదిలి, గట్టిగా ఒక్క కిక్కు కొట్టాడు. మరో కిక్కు. దడదడమని లేచి, తెల్లటి పొగ కక్కి, ఆగింది. మళ్లీ కొట్టాడు. ఈసారి ఆగలేదు.

ఆ మోతకు ఎదురింటి వాళ్లు తలుపులు తీసి చూశారు. సుభద్ర తడి చేతులతోనే బయటికి వచ్చింది. కొంగుతో కండ్లు ఒత్తుకుని మళ్లీ లోపలికి పోయింది.

బండి వేడెక్కిన తర్వాత ఆపి, ఇప్పుడే పోసిన ఆ నూనెను మళ్లీ దించేశాడు మద్దిలేటి. అవ్వ చూస్తోంటే చెప్పాడు. "మొదటిసారి పోసింది కడగడానికేనవ్వా. లోపలి మురికంతా దీంతో వస్తుంది." నిజంగానే అది మసిలా దిగింది. మళ్లీ కొత్తది పోశాడు. టైర్లు మార్చి, బ్రేకులు చూసుకుని, వీధిలో నాలుగు చుట్లు తిరిగొచ్చాడు. దిగేసరికి ఆయన ముఖంలో పడుచుతనం కనపడింది.

"ఇంక పోదామా అవ్వా? జాగ్రత్తగా దించుతా."

"పోదాం," అంది అవ్వ.

*

ఆమె పక్కకు తిరిగి కూర్చుని ఆయన భుజం పట్టుకుంది. పత్తి చేల మధ్య రోడ్డు మీద బండి కుదురుగా పోతోంది. కొంతదూరం పోయాక రోడ్డు రెండుగా చీలుతుంది. కుడికి పోతే మఠం. మద్దిలేటి కుడికి తిప్పబోతుంటే అవ్వ భుజం మీద తట్టింది.

"ఎడమకు తిప్పు."

మద్దిలేటి బండి ఆపాడు. ఇంజను కొట్టుకుంటూనే ఉంది.

"మఠం కుడికవ్వా."

"తెలుసు."

ఆయన చేతులు హ్యాండిలు మీదే ఉన్నాయి. ఎదురుగా మైలురాయి మీద ఉన్న పెద్దకొట్టాల పేరునే చూశాడు.

"ఆమె నన్ను చూడదవ్వా. నేనన్న మాట అట్లాంటిది."

"చూడకపోతే తిరిగొద్దాం. పెట్రోలుంది గదా?"

మద్దిలేటి గేరు వేసి ఎడమకు తిప్పాడు. ఆ తర్వాత దారిలో ఆయన ఎంత నిదానంగా నడిపాడంటే సైకిళ్లు కూడా దాటిపోయినాయి. అవ్వ తొందరపెట్టలేదు.

పెద్దకొట్టాలలో బసమ్మ ఇల్లు ఊరి మొదట్లోనే. బండి మలుపు తిరిగేసరికే ఆమె వాకిట్లో నిలబడి ఉంది. ముందర నడిచేటప్పుడు ఊతంగా పెట్టుకునే నాలుగు కాళ్ల ఇనప స్టాండు, దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. జుట్టంతా తెల్లబడింది. మనిషి ఒక పక్కకు వంగిపోయింది. మద్దిలేటి మనసులో ఉన్న అక్కకూ ఈమెకూ పోలిక కలవడానికి కాసేపు పట్టింది.

ఆయన బండి ఆపాడు. అవ్వ దిగి పోయి వరండా అంచున కూర్చుంది. ఆయన దిగి, బండికి స్టాండు వేసి, దాని పక్కనే నిలబడిపోయాడు.

"సద్దు విని నువ్వే అనుకుంటి," అంది బసమ్మ. "మళ్లీ, కాదులే, ఇంకెవరి బండో అనుకుంటి. అయినా లేచి వస్తి."

"అక్కా," అన్నాడు.

"ఇంకా ఉంచుకుంటివా దీన్ని? అమ్మేసింటావు అనుకుంటి."

"ఉంచుకున్నా. ఇప్పుడే నూనెలన్నీ మార్చినా. బాగా పోతాంది." ఆయన గొంతు పసిపిల్లవాడి గొంతయింది. "ఎక్కు అక్కా. ఇంటికి పోదాం. అవ్వ ఈడనే ఉంటుంది, నేను మళ్లీ వచ్చి ఆమెను దించుతా. సుభద్ర నిన్ను చూస్తే... ఎక్కు."

బసమ్మ నవ్వింది. ఇనప స్టాండు జరుపుకుంటూ జరుపుకుంటూ బండి దగ్గరికి వచ్చింది. ఆ కొంచెం దూరానికే ఆయాసపడింది. ఒక చెయ్యి తమ్ముడి భుజం మీద వేసి, కాలెత్తి పెట్టబోయింది. కాలు నేల నుంచి జానెడు లేచి ఆగిపోయింది. రెండో కాలితో చూసింది. ముఖం బిగించుకుని మళ్లీ చూసింది. మద్దిలేటి ఆమె నడుం పట్టుకుని ఎత్తబోతే అబ్బా అని అరిచింది. ఆయన చటుక్కున వదిలేశాడు.

"కాదులేరా," అంది. "మోకాళ్లలో గుజ్జంతా అరిగిపోయిందంట. ఎముక ఎముకకు రాసుకుంటాంది."

"ఆపరేషను చేస్తారు గదా అక్కా ఇప్పుడు. నేను కర్నూలుకు పిలుచుకుపోతా."

"పోయొచ్చినా. ఈ గుండెకు మత్తు ఇయ్యకూడదన్నారు. ముందే వచ్చుంటే చూసేవాళ్లమన్నారు."

"ఆటో పిలుస్తా. ఆటోలో పోదాం."

"ఆటోలో ఎప్పుడన్నా రావచ్చులే." ఆమె వెనక సీటు మీద చెయ్యి పెట్టి నిలబడింది. "బండి మీద రావాలని ఉండె నాకు. కొన్నేండ్లు ఉగాదికి చీర తీసి పెట్టుకుంటాంటి. తర్వాత పెట్టడం మానేస్తి."

మద్దిలేటి తల వంచుకున్నాడు.

"ఒకసారి లేపురా, వింటా," అంది ఆమె.

ఆయన కిక్కు కొట్టాడు. బండి మొదటి కిక్కుకే లేచింది. బసమ్మ సీటు మీది చెయ్యి తీయకుండా కండ్లు మూసుకుని నిలబడింది. చెయ్యి సన్నగా అదురుతోంది. మద్దిలేటి హ్యాండిలు పట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె కండ్లు తెరిచి చాలన్నట్టు తల ఊపాక ఆపేశాడు.

ఆ నిశ్శబ్దంలో బసమ్మ చెప్పింది.

"అమ్మ ఇంక ఉండదని తెలిసిన రోజు నేను ఆఫీసుకు పోదామనే బయలుదేరితిరా. అమ్మే ఆపె. 'వాడు స్తంభాల మీద ఉంటాడే. నా కబురు విని చెయ్యి వణికిందంటే? వద్దు. వాడు కిందికి దిగి ఇంటికి వచ్చినాకే చెప్పండి' అనె. నాతో చేతిలో చెయ్యి వేయించుకునె. ఆ మాట నీకు చెబుదామంటే నువ్వు బండి తిప్పితివి."

మద్దిలేటి బండి సీటుకు ఆనుకున్నాడు.

"సుభద్ర వచ్చినప్పుడు చెప్పి పంపాల్సింది," అంది బసమ్మ. "నాకూ రోషం ఉండె. వాడే వచ్చి అడిగితే చెబుదాంలే అనుకుంటి. నువ్వు వస్తావనే అనుకుంటి."

ఆమె పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, ఏమీ జరగనట్టు, వరండా అంచున కూర్చున్న తిప్పమ్మవ్వ వైపు తిరిగి, "అవ్వా, జొన్నరొట్టె తింటావా? పచ్చి మిరపకాయల కారం ఉంది," అంది.

"తింటా తల్లీ," అంది అవ్వ.

బసమ్మ స్టాండు తిప్పుకుని ఇంటి వైపు కదిలింది. ఒక అడుగు, ఆగడం, మళ్లీ ఒక అడుగు.

మద్దిలేటి అవ్వ దగ్గరికి వచ్చి నేల మీద చతికిలబడ్డాడు. చేతులకు ఇంకా నూనె మరకలు ఉన్నాయి. వాటితోనే ముఖం కప్పుకున్నాడు. చేతుల వెనక నుంచే అడిగాడు.

"నేను ముందే రావాల్సింది గదా అవ్వా?"

ఆయన ఏదో ఒక మాట కోసం ఎదురుచూశాడు. ఇప్పటికైనా వచ్చినావు కదా అంటుందేమో అనుకున్నాడు.

"అవును నాయనా," అంది అవ్వ. "రావాల్సింది."

ఎక్కడో పిండి మర ఆడుతోంది. మద్దిలేటి భుజాలు కదిలిపోతున్నాయి. అవ్వ ఆయన మీద చెయ్యి వేయలేదు. ఆయన్ను అట్లాగే ఏడవనిచ్చింది.

"ఇప్పుడు నేనేం చేయాలవ్వా?"

అవ్వ ఇంటి వైపు చూసింది.

"మీ అక్క మెట్టు దగ్గర నిలబడింది. మెట్టు ఎత్తుగా ఉంది," అంది. "పో, చెయ్యి పట్టుకో."